మౌజన్ గొంతు

మా వీధి మౌజన్‌కు రెండు విషయాల్లో తిరుగులేదు. ఒకటి గొంతు, రెండోది తొందర. రోజుకు ఐదుసార్లు అజాన్ పలికి జనాన్ని నమాజుకు పిలిచే ఆ గొంతంటే అందరికీ ప్రాణం. తొందర సంగతి మాత్రం వాళ్లక్కకే బాగా తెలుసు. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే.

మహమ్మారి రోజుల్లో ఎవరో పంపిన కబురు చూసి ఒళ్లు మండి, మసీదు మెట్ల మీదే కూర్చుని ఫోన్‌లో తన గొంతుతో ఓ సందేశం రికార్డు చేసి అందరికీ పంపేశాడు. టీకా మనకు పిల్లలు పుట్టకుండా చేసే కుట్ర అనీ, అల్లా మీద నమ్మకమున్నవాడికి సూదితో పనిలేదనీ. తెల్లారేసరికి అది ఊరంతా పాకింది. మంచి గొంతుతో చెబితే చెత్త కూడా ముద్దొస్తుంది మరి.

ఇమాం గారు పిలిచి కూర్చోబెట్టారు. కేకలేయలేదు. వార్త వస్తే ముందు నిజమో కాదో విచారించుకోమని ఖురాన్ చెబుతోంది కదా, నువ్వెవరిని విచారించావని అడిగారు. రోగానికి మందు వాడమని ప్రవక్త చెప్పిన మాటా గుర్తుచేశారు. మౌజన్ సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాడే టీకా వేయించుకుని, తాను చెప్పింది తప్పని ఇంకో సందేశం పెట్టాడు. దాన్ని చాలామంది పట్టించుకోలేదు. పట్టించుకున్నవాళ్లు, పాపం బెదిరించి చెప్పించారన్నారు.

ఆ మాట అందరికంటే గట్టిగా అన్నది అక్క. ఆయాసం మనిషి, టీకా అవసరం ఆవిడకే ఎక్కువ. పైగా రుజువు కూడా చూపించింది. ఆ నెలలోనే మసీదు మూయాల్సివచ్చి, అజాన్‌లో "నమాజుకు రండి" అనే చోట "మీ ఇళ్లలోనే చేసుకోండి" అని పలికాడు. వాన రోజుల్లో ప్రవక్త అలాగే పలికించేవారని ఇమాం గారు చెప్పబట్టే పలికాడు. అక్క వింటేనా! అజాన్ మాటే మార్పించినవాళ్లకు మా తమ్ముడి మాట మార్పించడం ఎంతసేపు అంది. అతను బతిమాలేకొద్దీ ఆవిడ అనుమానం ముదిరింది.

చివరికి ఆవిడకు జ్వరం వచ్చింది. ఆస్పత్రికి పోతే బలవంతంగా టీకా పొడుస్తారని గదిలోకెళ్లి గడియ పెట్టుకుంది. మౌజన్ తలుపుకు నుదురానించి నిలబడ్డాడు. లోపల దగ్గు, ఆగి ఆగి తీస్తున్న ఊపిరి.

"అక్కా, నేనే తప్పు చెప్పాను. నీ కాళ్లు పట్టుకుంటా, గడియ తియ్యి."

"నీ తప్పేం లేదురా. నీ వెనకాల ఎవరో ఉన్నారు, నాకు తెలుసు. వాళ్లు పోయాక చెప్పు, తీస్తా."

అతను వెనక్కి తిరిగి చూశాడు కూడా. ఖాళీ వసారా, ఇద్దరి చెప్పులు.

"ఎవరూ లేరక్కా."

"అలా అనమన్నారా?"

భయమేసినప్పుడల్లా ధైర్యం కోసం వినే అతని మొదటి సందేశాన్ని ఆవిడ ఫోన్‌లో మళ్లీ పెట్టుకుంది. మూసిన తలుపు లోపలి నుంచి అతని గొంతే, ఎంతో నమ్మకంగా, సూదితో పనిలేదని చెబుతోంది.