సాలూరు బస్సులో కొసరు సెల్సు

సాలూరు వెళ్లాలని రెండు నెలలుగా అనుకుంటూనే ఉన్నాను. వెళ్లకుండా ఉండడానికి మోకాళ్లు కొన్నాళ్లు పనికొచ్చాయి, వానలు కొన్నాళ్లు పనికొచ్చాయి. అసలు కారణం ఒక టార్చిలైటు.

మా నాన్నది అరసవల్లిలో కిరాణా కొట్టు. కౌంటరు వెనకాలే పెరిగాను. అక్షరాలు రాకముందే తూకం, తేదీ, కొసరు ఈ మూడూ వచ్చేశాయి. కిందటేడు విజయనగరంలో ఒక షాపులో ఆరు టార్చిలైట్లు ఒకేసారి బేరం చేశాను. చుట్టాలకి పంచుదామని. ధర దిగలేదు. అయితే సెల్సు కొసరుగా ఇమ్మన్నాను. షాపాయన ప్యాకెట్టూ పాడూ లేకుండా, విడి సెల్సు పన్నెండు కాగితం సంచీలో పోసి ఇచ్చాడు. ఒకటి తిరగేసి అడుగున తేదీ చూశాను. ఇంకో రెండు నెలల్లో గడువు అయిపోతోంది. చూసి కూడా తీసుకున్నాను. ఊరికే వచ్చేదాన్ని వద్దనడం మా ఇంటా వంటా లేదు.

అందులో ఒక టార్చి సాలూరులో మా చెల్లెలు పైడికి ఇచ్చాను. దాని మొగుడు గౌరునాయుడు లారీ డ్రైవరు. పైడి ఏం చేసిందంటే, అప్ప ఇచ్చిందని దాన్ని సెల్సుతో సహా షోకేసులో, స్టీలు గ్లాసుల పక్కన, పది నెలలు అందంగా నిలబెట్టింది. వానలు పట్టాక గౌరునాయుడు దాన్ని బండిలో పెట్టుకున్నాడు. సుంకి ఘాటీలో చీకటి పడే వేళ వెనక జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుంది. దిగి టార్చి నొక్కితే వెలగలేదు. లోపల సెల్సు కారిపోయి ఉన్నాయి. ఫోను పళ్ల మధ్య పట్టుకుని చెయ్యి పెట్టి తడుముతుంటే మడ్‌గార్డు రేకు తగిలి ఎడమ చేతి రెండు వేళ్ల నరాలు తెగాయి. రెండు నెలలు ఇంట్లోనే.

ఆ రెండు నెలలూ వాళ్లత్త పైడిని ఒకటే మాట అంటోందట. "షోకేసులో పెట్టి సెల్సు కుళ్లబెట్టినావు, నా కొడుకు సెయ్యి పోగొట్టినావు." ఒకసారి ఫోన్లో ఏడ్చి చెప్పింది. తరవాత ఫోను చెయ్యడమే మానేసింది. తేదీ సంగతి నేను చెప్పలేదు. ఇప్పుడు గౌరునాయుడు మళ్లీ బండెక్కుతున్నాడని తెలిసింది. ఎక్కేలోపు చెప్పాలి. ఒక మంచి లైటు కూడా ఇవ్వాలి. ప్రయాణం ఇందుకు.

పొద్దున్న ఆరూ ఇరవైకి అరసవల్లి గుడి మలుపులో ఆటో ఎక్కాను. బస్సు కాంప్లెక్సుకి అరవై అన్నాడు. నలభై అన్నాను. "ముసిలమ్మ గారూ, పొద్దున్నే బోణీ, ఇలగ సెయ్యకండి" అన్నాడు. ముసలమ్మ అన్నందుకు ఇంకో ఐదు తగ్గించమన్నాను. చివరికి మరో ముగ్గుర్ని ఎక్కించుకుని ఇరవైకి తీసుకెళ్లాడు. మోకాళ్లు మడతపెట్టడానికి చోటు లేదు. పది నిమిషాల్లో సగం అలిసిపోయాను.

ఆరూ యాభైకి విజయనగరం ఎక్స్‌ప్రెస్సు. ఆడవాళ్లకి బస్సు ఉచితం కనక ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇచ్చాడు. బేరమాడ్డానికి ఏమీ లేని టికెట్టు చేతిలో పెట్టుకుంటే ఏదో వెలితిగా ఉంటుంది. ఉచితం గనక నిలబడ్డానికీ చోటుండదు. వెళ్లేవాళ్లు ఆరున్నరకే కాంప్లెక్సు చేరి, బస్సు ప్లాట్‌ఫారం మీదకి రాకముందే కిటికీలోంచి రుమాలు వెయ్యాలి. నేను గొడుగు వేశాను.

పక్కన ఒకావిడ కూర్చుంది. తెల్ల చీర, చేతిలో బైబిలు సంచి. విజయనగరంలో కూతురు దగ్గరికి వెళ్తోందట. నా పని చెప్పాను. నరాలు తెగిన సంగతి చెప్పాను గానీ తేదీ సంగతి చెప్పలేదు. కొత్తవాళ్ల దగ్గర కూడా నోరు రాలేదు.

"మా సర్చిలో పది టార్సీలున్నాయమ్మా" అంది ఆవిడ. "కిస్మస్ పాటలకి ఈదుల్లో తిరుగుతాం కదా. తిరగడం అయిపోగానే సెల్సు తీసీసి, రబ్బరు బేండు కట్టి యేరే డబ్బాలో పెడతాం. లోపలుంచి బీరువాలో పెట్టినామంటే పాలు గిన్నెలో పోసి మర్సిపోనట్టే."

"ఎవరు నేర్పారు?"

"ఎవులు నేర్పుతారు? ఒకేడు మర్సిపోనాం. నాలుగు టార్సీలు పోనాయి."

ఎనిమిదీ నలభైకి విజయనగరం. కాంప్లెక్సు క్యాంటీన్లో రెండు ఇడ్లీ, కాఫీ, నలభై ఐదు. ఇడ్లీ నిన్నటిదీ కాదు, ఇవాళ్టిదీ కాదు. గంటస్తంభం వైపు నడిచాను. షాపులు తొమ్మిదిన్నర దాటితే గాని షట్టర్లు ఎత్తవు. ఒక అరుగు మీద కూర్చుని వేచి ఉన్నాను.

అదే షాపు, అదే మనిషి. నన్ను చూసి నవ్వాడు. కిందటేడు నేను గంటసేపు పీడించినందుకు గుర్తుండిపోయాను.

"రండమ్మా. మళ్లీ ఆరా?"

"ఒకటే. చేతికి సరిగ్గా పట్టు చిక్కని మనిషికి. లారీ కింద చూసుకోడానికి."

పెద్ద టార్చి ఒకటి తీశాడు. రేడియో, పక్క లైటు, ఎర్ర లైటు, సైరను, అన్నీ ఉన్నాయి. ఇన్ని పనులు చేసే వస్తువు ఏ ఒక్క పనీ సరిగ్గా చెయ్యదు. నేను కొట్లో చూసిన మనుషుల్లోనూ అంతే. పక్కన పెట్టాను. చార్జింగు పెట్టేది చూపించాడు. బరువు తక్కువ, లోపల బ్యాటరీ ఏ కంపెనీదో తెలీదు, ఉబ్బితే మార్చడానికి లేదు. ఘాటీలో ఆరిపోతే ఎక్కడ గుచ్చుతాడు? అదీ పక్కన పెట్టాను. రేకు టార్చి తీసుకుని మూత విప్పి స్ప్రింగు నొక్కి చూశాను. లోపలికి వెళ్లిన స్ప్రింగు పైకి రాలేదు. మూత మరలు ఇసకలాగా గరగరమన్నాయి. స్విచ్చి ముప్పైసార్లు నొక్కాను. ఇరవయ్యోసారికి ఒకసారి ఆలోచించి వెలిగింది. ఆలోచించే స్విచ్చి మనకొద్దు.

అప్పుడు గోడకి వేలాడుతున్నది కనిపించింది. తలకి కట్టుకునే లైటు. పట్టీ ఉంది, మూడు సన్న సెల్సు పడతాయి, మూత చుట్టూ రబ్బరు వాషరు ఉంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఆ రోజు గౌరునాయుడి నెత్తిమీద ఇది ఉండి ఉంటే ఫోను పళ్ల మధ్య పెట్టుకోనక్కర్లేదు.

"ఎంత?"

"నాలుగు వందల ఎనభై."

డబ్బులు తీసి ఇచ్చేశాను. షాపాయన నోట్లని వెలుతురుకి పట్టి చూశాడు. నామీద అనుమానం వచ్చింది పాపం.

"ఒంట్లో బాగుందా అమ్మా? సరే, మీకు సెల్సు మామూలే, కొసరు" అని బల్ల కింద చెయ్యి పెట్టాడు.

"వద్దు. అట్ట మీద అతికించి ఉన్నవి, ఆల్కలైన్‌వి ఇవ్వండి. కొంటాను."

తేదీ చూశాను. ఇంకా ఏళ్లున్నాయి. అట్టకి నాలుగు వస్తాయి, లైటులో మూడు పడతాయి, ఒకటి మిగిలింది. దాన్ని పాత సెల్లుతో కలిపి వాడకూడదు. కొత్తదీ పాతదీ కలిస్తే పాతది ముందు చచ్చి కారడం మొదలెడుతుంది. ఇది మా నాన్న నాకు పదేళ్లప్పుడు చెప్పాడు. నేను తెలియక చేసింది ఏదీ లేదు.

పదీ నలభైకి సాలూరు పల్లెవెలుగు. మళ్లీ సున్నా టికెట్టు. చక్రం మీద సీటు దొరికింది. గజపతినగరం దాకా నిలబడ్డవాళ్ల సంచులు నా ఒళ్లో ఉన్నాయి. రామభద్రపురం దాకా ఒకామె కోడిపెట్ట ఉంది. దానికి టికెట్టు కొట్టాలని కండక్టరు, అది కూడా ఆడదే కదా అని ఆమె. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పైడి అత్త ముందు ఏం చెప్పాలో వరస కట్టుకుంటున్నాను. కట్టిన ప్రతిసారీ అందులో షాపాయన తప్పు పెరుగుతోంది, నా తప్పు తరుగుతోంది. తూకం వెయ్యడం తెలిసిన చెయ్యి కదా, ముల్లు ఎటు కావాలంటే అటు మొగ్గుతుంది.

పన్నెండూ యాభైకి సాలూరు. రోడ్డుకి రెండువైపులా లారీలు, వాటి కింద కాళ్లు, పానాల చప్పుడు. ఎండ మాడుతోంది. ఇంటికి నడిచేసరికి జాకెట్టు తడిసిపోయింది.

పైడి తలుపు తీసి "వచ్చినావా" అంది. అంతే. నా చేతిలో సంచి అందుకోలేదు.

గౌరునాయుడు మంచం మీంచి లేచాడు. "రా వొదినా. ఎండలో ఎందుకొచ్చినావు, ఫోను సేస్తే బస్టాండుకి వచ్చీవోణ్ని." ఎడమ చెయ్యి చూపించాడు. చూపుడువేలు, మధ్యవేలు సగమే వంగుతున్నాయి. "స్టీరింగు పట్టుకుంటాది. సాలు. రేపు పొద్దున్న లోడు."

అన్నం దగ్గర కూర్చున్నాం. పప్పు, బీరకాయ కూర, ఎండు చేపల వేపుడు. లైటు బయటికి తీశాను. గౌరునాయుడి తల్లి దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"బాగున్నాది. ఒలే పైడీ, దీన్నీ షోకేసులో పెట్టీ. గలాసుల పక్కన అందంగుంటాది."

పైడి తల వంచుకుని అన్నం వడ్డిస్తోంది. దారంతా కట్టుకున్న వరస ఒక్క మాటా గుర్తు రాలేదు.

"అత్తా, పైడి తప్పు కాదు. ఆ సెల్సు మంచివి కావు. గడువు అయిపోవచ్చినవి."

"నీకెలగ తెల్సు?"

"తేదీ సూసినాను."

"ఎప్పుడు సూసినావు?"

"కొన్నప్పుడే."

"సూసే ఇచ్చినావా?"

"సూసే ఇచ్చినాను."

"ఎందుకిచ్చినావే?"

"ఊరికే వచ్చినాయి."

గరిటె గిన్నెలో ఆగిపోయింది. ముసలామె నాకేసి చూడలేదు, అన్నంకేసి చూసింది. "ఓలమ్మా. రెండు నెల్లుగా ఈ పిల్లని పీక్కు తింటన్నాను" అంది మెల్లిగా.

గౌరునాయుడే అందుకున్నాడు. "బండెక్కేముందు ఎలిగించి సూసుకోడం డ్రైవరు పని. సూసుకోలేదు. నువ్వు కొన్నావంటే ఇంక పరీచ్చ ఎందుకు అనుకున్నాను వొదినా. అరసవల్లి కొట్టోల్లని ఎవుడు మోసం సెయ్యగలడు?"

వాడు తిట్టి ఉంటే తూకం సరిపోయేది.

అన్నాలయ్యాక పెరట్లో చెయ్యి కడుక్కుంటుంటే పైడి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి గట్టు మీద పెట్టింది. పాత టార్చి. "నేనే పాడుసేసినానని పారీలేకపోనాను" అంది. ఇద్దరం పీటలు వేసుకుని కూర్చున్నాం. చేతికి కవర్లు తొడుక్కుని మూత విప్పాం. కింది సెల్లు అతుక్కుపోయింది. చెక్క మీద తడితే ఊడిపడింది. తెల్లటి పొడి, స్ప్రింగు మీద పచ్చటి తుప్పు. అందరూ నిమ్మకాయ అంటారు గాని, అది ఆల్కలైన్ సెల్సు కారితే. ఇలాంటి మామూలు సెల్సుకి వంటసోడా. తడిగా ముద్ద చేసి, పాత బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఎండలో పెట్టాం. స్ప్రింగుని ఉప్పుకాగితంతో గీకాం. ఆ చేత్తో కళ్లు ముట్టుకోవద్దని చెప్పాను.

"రెండు నెల్లు ఎందుకు సెప్పలేదు?" అంది పైడి, బ్రష్షు ఆపకుండా.

"సిగ్గేసినాది."

"నాకెయ్యలేదేటి సిగ్గు?"

స్ప్రింగు గీకుతూ కూర్చున్నాను. మూడు దాటాక వీధి చివర కొట్లో రెండు పెద్ద సెల్సు కొని, చెప్పిన ధర ఇచ్చి, తేదీ ఇద్దరం చూసి వేశాం. స్విచ్చి నాలుగుసార్లు మొరాయించింది. ఐదోసారి వెలిగింది, కొంచెం పసుపుగా.

నాలుగున్నరకి విజయనగరం బస్సు. పైడి బస్టాండు దాకా వచ్చింది. సంచి మాత్రం నన్నే మొయ్యనిచ్చింది. బస్సు కదిలేముందు కిటికీలోంచి కవరు ఒకటి ఒళ్లో పడేసింది. పాత టార్చి, విడిగా కాగితంలో చుట్టిన రెండు సెల్సు.

"నువ్వే ఉంచుకో అప్పా. షోకేసులో పెట్టకు."

నవ్వలేదు. తిరిగి వెళ్లిపోయింది.

ఈ దారిన వెళ్లేవాళ్లకి చెప్పగలిగింది ఇంతే. ఒకే రోజులో వెళ్లిరావచ్చు, కాని నడుము ఒప్పుకోదు. విజయనగరంలో ఇడ్లీ తినొద్దు. టార్చి కొంటే మూత విప్పి చూడండి, వాడనప్పుడు సెల్సు తీసెయ్యండి, బయల్దేరేముందు వెలిగించి చూడండి, ఇచ్చినవాళ్లు ఎంత గడుసువాళ్లయినా సరే. తిరిగి వచ్చేటప్పుడు సీటు దొరికింది, అదీ కిటికీ పక్క. నిద్ర పట్టలేదు. చెప్పేస్తే తేలికవుతుందనుకున్నాను. తేలికవలేదు. బరువు పైడి మీంచి నామీదకి వచ్చింది. ఉండాల్సిన చోటు అదే.

ఆరూ నలభైకి విజయనగరం. శ్రీకాకుళం బస్సుకి ఇంకా అరగంట ఉంది. బెంచీ మీద కాళ్లు చాపుకున్నాను. ఫోను మోగింది. పైడి. రెండు నెలల తరవాత అది తనంతట తాను చేసిన మొదటి ఫోను.

"అప్పా, మా అత్త ఆ లైటు నెత్తికి కట్టుకున్నాది. ఇప్పమంటే ఇప్పట్లేదు. దాంతోనే పెరట్లోకెల్లినాది, దాంతోనే ఈదిలోకెల్లినాది. డ్రైవరు ఎక్కేముందు పరీచ్చ సెయ్యాలట, అందుకని సేస్తంది. ఇప్పుడు నాలుగిళ్లు అవతల ఎవులకో సూపిస్తంది. నువ్వే కొన్నావని సెప్తంది."

"సెల్సు అయిపోతాయే. ఆర్పమని సెప్పు."

"నువ్వే సెప్పు. నేను సెప్తే ఇంటాదేటి?" అని, ఫోను పట్టుకునే వీధిలోకి నడిచింది. దాని చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. దూరంగా ముసలామె గొంతు, ఎవరో నవ్వడం. పైడి కూడా నవ్వు ఆపుకోలేక "అత్తా, ఇదిగో, అప్ప, ఫోన్లో" అంది.

శ్రీకాకుళం బస్సు ప్లాట్‌ఫారం మీదకి వచ్చేసింది. జనం కిటికీల్లోంచి రుమాళ్లు వేస్తున్నారు. నేను లేవలేదు, ఫోను చెవిలోనే ఉంచుకున్నాను. శ్రీకాకుళం దాకా నిలబడే వెళ్లాను.