ఆఫీసరుగారిని వదలని ఎక్కాలు

ఆ రోజుల్లో మా అరకు హాస్టల్ బడికి వచ్చిన ఒకే ఒక్క కంప్యూటర్‌ని మేము చూసుకున్నట్టు కొత్తల్లుణ్ణి కూడా ఎవరూ చూసుకుని ఉండరు. చెప్పులు బయట విప్పేవాళ్ళం, దుప్పటి కప్పేవాళ్ళం, మంచు లోపలికొస్తుందని కిటికీలు మూసి ఊపిరాడక గింజుకునేవాళ్ళం. నాకు మాత్రం ఒకటే సందేహం. చెప్పిన పని అది మళ్ళీ మళ్ళీ చేస్తుంది, సరే. ఎప్పుడు మానాలో దానికెలా తెలుస్తుంది? కంప్యూటర్ మాస్టారిని అడిగితే, "నువ్వు చెబితేనే. చెప్పకపోతే చేసిందే చేస్తూ తిరుగుతూనే ఉంటుంది, దాన్నే లూప్ అంటారు" అన్నారు. ఆ మాట నాకు దెయ్యం కథలా తోచింది. వెంటనే ఒకదాన్ని తిప్పి చూడాలనిపించింది.

అలా ఎక్కాల ఆట రాశాను. అది ఒక లెక్క అడుగుతుంది, తప్పో ఒప్పో చెబుతుంది, ఆపైన "మళ్ళీ ఆడతారా? వై లేదా ఎన్" అంటుంది. ఎన్ కొట్టేదాకా తిరగమన్నాను. దాచుకుందామంటే ఫ్లాపీకి బూజు పట్టింది (మా కొండల్లో చెప్పులకే పడుతుంది, దానికో లెక్కా!). కాబట్టి ఆ ప్రోగ్రాం బతుకంతా కరెంటు మీదే ఉంది.

సరిగ్గా అప్పుడే, పిల్లలు వాడకపోతే కంప్యూటర్‌ని పాడేరు పంపించేస్తామంటూ ఒక ఆఫీసరుగారు వచ్చారు. మాస్టారేమో జ్వరంతో పార్వతీపురంలో ఉన్నారు. మా హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడమ్ నన్ను ముందుకు తోశారు. ఆఫీసరుగారు కూర్చుని, జేబురుమాలుతో కీబోర్డంతా శ్రద్ధగా తుడిచి, ఆట మొదలుపెట్టారు. పదిహేడెనిమిదులు దగ్గర తప్పారు. "చాల్లేమ్మా, బాగుంది" అంటూ ఎన్ కొట్టారు.

ఇంకో లెక్క వచ్చింది.

మళ్ళీ ఎన్ కొట్టారు. పంతొమ్మిదేడులు అడిగింది. "నో" అని పూర్తిగా రాసి చూశారు. ఇంకో లెక్క. మధ్యలో లేస్తే లెక్కలు రాక పారిపోయారనుకుంటామేమోనని కాబోలు, ఆయన లేవలేదు. పెద్ద మేడమ్ కళ్ళతోనే నన్ను కాల్చేస్తున్నారు.

"ఏటే ఇది, ఆయన్ని ఒగ్గదా?" అని చెవిలో గొణిగింది నా స్నేహితురాలు (టైడా ఊరి పిల్ల కనక అందరికీ టైడా గుంటే). "బేగి తీగ పీకెయ్యే!"

పీకితే ఆట పోతుంది, ఆట పోతే కంప్యూటరే పోతుంది. నాకు ఏడుపు రావాలి. వింతగా, ఆలోచన వచ్చింది. పొద్దున నా ఎన్‌కి బుద్ధిగా ఆగింది కదా, ఈయన ఎన్‌లో ఏం లోపం? ఆయన భుజం మీదుగా వంగి తెరని చూశాను. నాది పెద్ద ఎన్. ఆయనది చిన్నది! పెద్దక్షరాల కోసం మేము ఎప్పుడూ వెలిగించి ఉంచే క్యాప్స్ లాక్ దీపం ఆ తుడవడంలో ఆరిపోయింది.

"సార్, పెద్ద ఎన్ కొట్టండి."

కొట్టారు. ఆగింది. ఆయన నుదురు తుడుచుకుని, "రెండూ ఎన్‌లే కదమ్మా?" అన్నారు.

"మనకి సార్. ఆ సంగతి దానికి నేను సెప్పనేదు."

ఆయన కుర్చీ పక్కకి జరిపి, "అయితే ఇప్పుడు చెప్పు" అన్నారు. చిన్న ఎన్‌ని కూడా చేర్చాను. ఆయన చిన్న ఎన్ కొట్టి చూశారు, పెద్దది కొట్టి చూశారు, ఆ తర్వాత వరసగా వై కొడుతూ ఆడారు. బయట జీపు డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆఫీసరుగారు పెద్ద మేడమ్‌తో, "ఇది ఇక్కడే ఉండనివ్వండి" అన్నారు.

ఆ సాయంత్రం ఒక్కదాన్నే కూర్చున్నాను. జవాబులన్నీ తెలిసినా వై కొట్టడం, ఎన్ కొట్టి అది ఆగడం చూడటం, మళ్ళీ మొదలెట్టడం. భోజనం గంట వినబడనే లేదు. టైడా గుంట వచ్చి చెయ్యి పట్టి లాగింది.

"దానికి ఆగడం నేర్పినావు గానీ, నీకెవులు నేర్పుతారే?"

ఇన్నేళ్ళయినా ఎవరూ నేర్పలేదు. ఆకలి మరిచి అక్కడ కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, తనకి అదే మొదటిసారి కదా అని కాస్త అసూయగానూ ఉంటుంది.