ఎర్ర మచ్చ కింద కొరమీను

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళు వేరు, కొరమీను పట్టేవాళ్ళు వేరు. వల వేసి ఈడిస్తే బుట్టెడు చిన్న చేపలు ఎవరికైనా పడతాయి. కొరమీను అలా కాదు. తామరాకుల కింద, నాచు సందుల్లో ఒక్కటే మాటు వేసుకుని ఉంటుంది. వల అలికిడి వింటే బురదలో దూరిపోతుంది. దాని నోటినిండా పళ్ళే. తమిళనాడులో ఉన్న వేప్పనపల్లి చుట్టుపక్కల మా తెలుగు ఊళ్ళలో దాన్ని గాలంతో పట్టగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. వాళ్ళలో మా మామ ఒకడు. మా అమ్మకు తమ్ముడు.

ఊరి దృష్టిలో మాత్రం ఆయన పనీపాటా లేని మనిషి. మామిడికాయల కాలంలో తోపుల్లో కోతకు పోయేవాడు, మిగతా రోజులన్నీ చెరువుగట్టు మీదే. మా నాయన గొర్రెలు తోలుకుని నెలల తరబడి కుప్పం దిక్కుకు పోతే, మా ఇంటికి మగదిక్కు ఈయనే. అమ్మ రోజూ ఆయన్ని తిట్టేది. తిట్టి, ఆ నోటితోనే "తిన్నావా రా?" అని అడిగేది.

ఆడపిల్లకు గాలం ఎందుకని ఊళ్ళో ఎవరూ అనకముందే ఆయన నాకు నేర్పడం మొదలుపెట్టాడు. నాకు అప్పుడు పదేళ్ళు. సన్న వెదురు గడ, దానికి గట్టి నైలాను దారం. దారాన్ని నేరుగా గాలానికి కడితే కొరమీను పళ్ళకు పుటుక్కున తెగిపోతుంది. అందుకని సైకిలు బ్రేకు తీగలో ఒక పోగు విడదీసి, జానెడు పొడుగున గాలానికీ దారానికీ మధ్య మెలిపెట్టి కట్టేవాడు. ఎరకు చిన్న కప్ప. తొడ తోలుకు మాత్రమే గాలం గుచ్చాలి, కప్ప ఈదుతూ ఉండాలి. దాన్ని తామరాకు మీద పడేసి, మెల్లగా నీళ్ళలోకి దుమికించాలి. కొరమీను పట్టగానే లాగామా, అంతా పోయినట్టే. ముందు అది అడ్డంగా కరుచుకుంటుంది, తర్వాత తిప్పుకుని మింగుతుంది. మనసులో పది దాకా లెక్కపెట్టి అప్పుడు లాగాలి. నేను ఎప్పుడూ ఆరు దగ్గరే లాగేసేదాన్ని. "మీ అమ్మ మాదిరే నీకూ తొందర" అని నవ్వేవాడు.

ఇప్పుడు నా మనవడు హోసూరులో ఫ్యాక్టరీ పని చేస్తూ, ఆదివారం వస్తే బైకు మీద చెరువులకు పోతాడు. వాడి దగ్గర మడిచి సంచిలో పెట్టుకునే రాడ్డు ఉంది, చక్రం తిప్పితే దారం చుట్టుకునే రీలు ఉంది, రబ్బరు కప్ప ఉంది. రబ్బరు కప్పను చూసి నేను పడీపడీ నవ్వాను. పోయిన నెల వాడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. చెరువు నీళ్ళ మీద చాటంత ఎర్ర మచ్చ, అటూ ఇటూ కదులుతోంది. "అవ్వా, దీని కింద పెద్ద విరాల్ ఉండాది కదా? వచ్చే వారం ఆడనే వేస్తా చూడు" అన్నాడు. తమిళం వాళ్ళు కొరమీనును విరాల్ అంటారు, వాడికి ఆ మాటే అలవాటు. నా నవ్వు ఆగిపోయింది. ఆడ వేయొద్దు, ఆ మచ్చ కనబడితే గాలం చుట్టేసి వచ్చేయమన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేక లేచి వంటింట్లోకి పోయాను. వాడికి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మాకు ఆ ఎర్ర మచ్చ తొలి వానలకు కనబడేది. ఒకరోజు మామ వేలు చాపి నాకు చూపించాడు. "నీళ్ళు అట్ల ఎర్రగా కదలాడతా ఉంటే దాని కిందనే కొరమీను ఉండాది అని లెక్క పాపా. అది తప్పదు. అయితే..." అన్నాడు. ఆ 'అయితే' దగ్గరే గట్టు మీంచి పక్కింటి అవ్వ కేక వినబడింది. అక్కకు నొప్పులొచ్చినాయి రా, బిరీన రా అని. మామ గడ అక్కడే పారేసి పరుగెత్తాడు. ఆయన వెనక నేనూ పరుగెత్తాను. నెల తక్కువ కాన్పు.

బిడ్డ దక్కలేదు. అమ్మకు చాలా రక్తం పోయింది. కృష్ణగిరి ఆసుపత్రిలో వారం రోజులు ఉంచుకుని, ఒంట్లో రక్తం పట్టాలి, బాగా తినిపించండి అని చెప్పి పంపారు. ఇంటికి వచ్చిన అమ్మ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. లేచి కూర్చుంటే కళ్ళు తిరిగేవి. అన్నం చూస్తే వద్దనేది. పక్కింటి అవ్వ అనుభవమున్న మనిషి, మా ఊళ్ళో సగం కాన్పులు ఆమే చేసింది. కొరమీను పులుసు పెడితే వారంలో లేచి తిరుగుతుంది అని ఆమె గట్టిగా చెప్పింది. నాకు ఆ మాట చెవిలో నాటుకుపోయింది. అమ్మ లేవాలి, దానికి కొరమీను కావాలి. నాకు ఇంకేమీ పట్టలేదు.

మామ మూడు రోజులు వరసగా పోయాడు. కొత్త నీళ్ళు వచ్చి చెరువంతా ఎర్ర బురద. తూము దగ్గర, రెల్లు పక్కన, తామర మడుగులో, ఎక్కడ వేసినా ఏమీ తగల్లేదు. మూడో రోజు ఒట్టి చేతులతో వచ్చి, అమ్మ మంచం వైపు చూడలేక వాకిట్లోనే కూర్చున్నాడు. ఆయన్ని అలా చూసి నాకు కోపం వచ్చింది. ఇన్ని తెలిసిన మనిషికి ఆ ఎర్ర మచ్చ సంగతి గుర్తులేదా అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే ఆయన మందుల కోసం కృష్ణగిరి బస్సు ఎక్కాడు. నేను గడ తీసుకుని చెరువుకు పోయాను. కప్పను నేనే పట్టి, నేనే గుచ్చాను. గట్టు వెంట నడుస్తుంటే తూముకు అవతల, రెల్లు మొదళ్ళలో కనబడింది. తడి ఎర్ర గుడ్డ నీళ్ళ మీద తేలుతున్నట్టు ఉంది. దగ్గరికి పోయి చూస్తే గుడ్డ కాదు, బియ్యపు గింజంత ఎర్రటి చేపపిల్లలు, వందల కొద్దీ, ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి వచ్చి గాలి మింగి మళ్ళీ మునుగుతున్నాయి. భలే ముద్దుగా ఉన్నాయి అనుకున్నాను. అబద్ధం ఎందుకు, అలాగే అనుకున్నాను. అనుకుని, వాటి మధ్యలోకి కప్పను వేశాను.

లెక్క రెండు దాకా కూడా రాలేదు. నీళ్ళు భళ్ళున లేచాయి. అది మామూలుగా కొరమీను పట్టే తీరు కాదు, కర్ర పెట్టి కొట్టినట్టుంది. భయపడి లాగేశాను. గాలం దవడకు పడింది. గడను భుజాన వేసుకుని గట్టు మీదికి ఈడ్చుకుంటూ పరుగెత్తాను. కిలో పైగా ఉంటుంది. తడి గోనెలో చుట్టుకుని ఇంటికి వచ్చేసరికి నా కాళ్ళు నేల మీద లేవు.

మామ మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. గోనె విప్పి చూపించాను. ఆయన ముఖం ముందు వెలిగింది, అప్పుడు అడిగాడు.

"యాడ పట్టినావు పాపా?"

"తూముకు ఆపక్క. ఎర్రగా కదలాడతా ఉన్నింది మామా. నువ్వు చెప్పినావు కదా!"

ఆయన చేపను అటూ ఇటూ తిప్పి చూశాడు, దాని కడుపును బొటనవేలితో నొక్కి చూశాడు. నా తల మీద చెయ్యి పెట్టి "బాగా పట్టినావు" అన్నాడు. పక్కింటి అవ్వకు చేపనిచ్చి పులుసు పెట్టమని, దండెం మీది పాత చీర ఒకటి, నీళ్ళ బిందె ఒకటి తీసుకుని, పా పోదాం అని నన్ను పిలిచాడు.

చెరువు దగ్గరికి పోయేసరికి ఎర్ర మచ్చ లేదు. చెదిరిపోయి నాలుగు చోట్ల నాలుగు గుప్పెళ్ళుగా ఉంది. లకుముకి పిట్టలు రెండు కొమ్మ మీంచి దూకి ముక్కుతో తీసుకుపోతున్నాయి. చిన్న చేపలు కింది నుంచి వచ్చి మింగుతున్నాయి. ఆ పిల్లలు మాత్రం ఎక్కడికీ పారిపోకుండా, పొద్దున వాటి తల్లి ఉన్న చోటే తిరుగుతున్నాయి. మామ చీర కొంగులు నాకు పట్టించి నీళ్ళలోకి దిగాడు. చీరతో పిల్లల్ని తోడుతూ, బిందెలో పోస్తూ, అప్పుడు చెప్పాడు.

"పిల్లలున్నన్నాళ్ళు అది ఏమీ తినదు పాపా. పస్తుంటాది. దగ్గరికి ఏమొచ్చినా కరుస్తాది, అది ఆకలికి కాదు, కోపానికి. అందుకే ఎర్ర మచ్చ కనబడితే మేము గాలం చుట్టేస్తాం. మా నాయన నాకు చెప్పినాడు. నేను నీకు చెప్పేలోపల..."

చీరను మళ్ళీ నీళ్ళలో ముంచాడు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. పులుసు పారేద్దాం మామా, అమ్మకు వద్దు అన్నాను. "చచ్చింది తిరిగొస్తాదా? మీ అమ్మ తినాల. తప్పు నాది, నీది కాదు" అన్నాడు. బిందెలోకి వచ్చినన్ని పిల్లల్ని మామిడితోపులోని పాడుబావిలో వదిలాము. పెరిగేకొద్దీ వాటి ఎరుపు పోయి నల్లబడతాయి. అందుకని వాటిలో ఎన్ని బతికాయో, అసలు బతికాయో లేదో, నాకు ఎప్పటికీ తెలియలేదు.

సాయంత్రం అమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నేనే పెడతానని ఆ పొద్దున ఊరంతా చెప్పుకున్నాను కాబట్టి, పళ్ళెం నా చేతికే ఇచ్చారు. నేను ముద్ద కలుపుతుంటే అమ్మ మామను చూసి అడిగింది.

"వానలు పడినాయి కదరా. పిల్లలున్నిన చేప కాదు కదా?"

అమ్మా మామా పెరిగింది ఒకే ఇంట్లో, అదే చెరువు గట్టున. అలాంటి చేప ఇంటికి వస్తే మా తాతయ్య గడప దాటనిచ్చేవాడు కాదని నాకు తర్వాత తెలిసింది. మామ కళ్ళు పక్కకు తిప్పుకోకుండా "ఒంటిదే అక్కా" అన్నాడు. నా చెయ్యి గజగజ వణికింది. ముద్దలోంచి మెతుకులు దుప్పటి మీద రాలాయి. అమ్మ నన్ను చూసింది. నా మణికట్టు పట్టుకుని, ముద్దను తన నోటి దాకా తనే తెచ్చుకుని తిన్నది. మెల్లగా నమిలింది. వారంగా ఒక్క ముద్ద సరిగ్గా తినని మనిషి "బాగుండాది పాపా, ఇంకో ముద్ద పెట్టు" అన్నది. అది కూడా తిన్నది. పళ్ళెం ఖాళీ అయింది.

రెండు రోజులు అమ్మ ముఖంలో కాస్త రంగు వచ్చినట్టే అనిపించింది. అవ్వ నన్ను పిలిచి మెచ్చుకుంది. ఆపైన జ్వరం పట్టుకుంది. మళ్ళీ కృష్ణగిరికి తీసుకుపోయారు. కబురందుకున్న నాయన గొర్రెలను వేరేవాళ్ళకు అప్పగించి వచ్చి, నాలుగు రోజులు పక్కనే కూర్చున్నాడు. పులుసు తిన్న తొమ్మిదో రోజు పొద్దున అమ్మ పోయింది.

నేను ఏడవలేదు. ఏడ్చే హక్కు నాకు లేదనుకున్నాను. పిల్లలు చూస్తుండగా నేను ఒక తల్లిని ఈడ్చుకొచ్చాను, నా తల్లి పోయింది, ఇంతే కదా న్యాయం అని నా పదేళ్ళ బుర్ర తేల్చేసుకుంది. ఎవరు అన్నం పెట్టినా రెండు మెతుకులు కొరికి లేచిపోయేదాన్ని. అమ్మ దినాలు జరిగిన సాయంత్రం మామ నన్ను దొడ్లోకి తీసుకుపోయి, రాతి మీద కూర్చోబెట్టి, ఎందుకు తినవని అడిగాడు. చెప్పేశాను. అయ్యో, నా వల్లనే మామా, ఆ చేప ఉసురే తగిలింది అని చెప్పేశాను.

మామ నా పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత, ఎవరికీ చెప్పొద్దని అమ్మ తనతో ఒట్టు వేయించుకున్న మాట చెప్పాడు. పులుసు తిన్న రోజే, నేను పళ్ళెం కడగడానికి పోయినప్పుడు, అమ్మ ఆయన్ని దగ్గరికి పిలిచి అన్నదట.

"ఒంటిదంట, ఒంటిది! నాకే చెప్తావా రా? ముల్లుకు తోలు అంటుకోనుండాది, కండే లేదు. పస్తున్న చేప అది, నోట్లో పెట్టుకోంగానే తెలిసిపోయింది. పాపకు నాకు తెలుసని చెప్పొద్దు. దాని చెయ్యి ఎంత వణకతా ఉన్నిందో చూసినావా? నేను ఊసేసుంటే ఆ వణుకు దానికి బతుకంతా పోదు. అందుకే ఇంకో ముద్ద అడిగినా."

అప్పుడు ఏడ్చాను. మామ ఒడిలో తల పెట్టుకుని చీకటి పడేదాకా ఏడ్చాను. ఏడ్చి లేచాక ఆయన కలిపిన ముద్ద తిన్నాను.

మామ పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆ రోజు నుంచి నేను కొరమీను తినలేదు, అది పెద్ద సంగతేమీ కాదు. నా కోడలు మాడ్చిన కూర తెచ్చి పెట్టినా, మనవడు ఏదో దాచిపెట్టి నా ముందుకొచ్చి నిలబడినా, నోటికి వచ్చిన మాట అనేసే ముందు వాళ్ళ చేతుల వైపు చూస్తాను. వణుకుతుంటే, ఇంకొంచెం పెట్టమని అడుగుతాను.