మైకులో చెప్పిన మనవి

మనం నోరు తెరవకముందే మన అక్కర ఎరిగిన దేవునికి స్తోత్రం. తప్పు చేసిన బిడ్డను నలుగురిలో నిలబెట్టి సిగ్గుపరచకుండా, పక్కకు పిలిచి సరిదిద్దే ఆయన కృపకు వందనాలు. నా ఉద్యోగంలో ఆయన నన్ను అట్లా సరిదిద్దిన ఒక సంగతిని ఆయన మహిమ కోసమే రాస్తున్నాను.

అది 2023 వేసవి. గిద్దలూరు దగ్గర ఒక ఎంబీఏ కాలేజీలో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌గా నాకు తొమ్మిదో ఏడు. పిల్లలకు కంపెనీలను, కంపెనీలకు పిల్లలను పరిచయం చేయడం నా పని. పెద్ద ఊళ్లలో కంపెనీలే కాలేజీకి వస్తాయి. మా వైపు రావు. మేమే వెతుక్కుంటూ పోవాలి. అందుకే క్లాసులో నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పేది నెట్‌వర్కింగ్, అంటే పరిచయాలు చేసుకోవడం, వాటిని నిలుపుకోవడం.

"మీకు తెలిసినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి" అన్నాను ఒకరోజు. వెనక బెంచీలో రంగలక్ష్మి కాగితం ఖాళీగా ఉంది.

"ఏంది తల్లీ, ఒక్కరూ తెలీదా?"

"మాకు తెలిసినోళ్లకంతా గొర్రెలే తెలుసు మేడం. వాటి పేర్లు రాయమంటే రాస్తా."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

రంగలక్ష్మిది రాచర్ల మండలం. అసలు పేరు మార్చాను, ఆమెను అడిగే ఇదంతా రాస్తున్నాను. తండ్రి ఓబులేసుకు కొంచెం మెట్ట పొలం, ఒక మంద గొర్రెలు. పిల్ల తెలివైనది. కాగితం ఇస్తే తప్పు ఎక్కడున్నా పట్టేస్తుంది. ఇబ్బందల్లా కొత్తవాళ్లతో మాట్లాడడంలోనే. మూడు ఇంటర్వ్యూలకు పంపాను. మూడింట్లోనూ మొదటి ప్రశ్నకే గొంతు పూడుకుపోయింది. మూడోసారి నా గదికి వచ్చి కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

అప్పుడు ఆమెకు ఇన్‌ఫర్మేషనల్ ఇంటర్వ్యూ అనే దారి చెప్పాను. అక్కడ ఉద్యోగం అడగకూడదు. ఒక మనిషి చేసే పని గురించి పావుగంట అడిగి తెలుసుకుని, కృతజ్ఞతలు చెప్పి రావాలి. భయం తగ్గుతుంది, పరిచయం మిగులుతుంది. మార్కాపురంలో పలకరాయి టైల్స్ విదేశాలకు పంపే ఒక యూనిట్ మేనేజర్ గురువారం రమ్మన్నాడు.

ఆ మధ్యలో ఆదివారం వచ్చింది.

మా సంఘంలో ఆరాధన చివర ప్రార్థన మనవుల సమయం ఉంటుంది. అక్కర ఉన్నవారు లేచి మైకు తీసుకుని చెబుతారు, సంఘమంతా గొంతెత్తి ప్రార్థిస్తుంది. ఆ రోజు నా మనసు నిండా ఆ పిల్లే ఉంది. లేచాను.

"రాచర్ల వైపు గొర్రెల ఓబులేసన్న కూతురు, రంగలక్ష్మి. మూడు ఇంటర్వ్యూలకు పోయింది. మూడిట్లోనూ మాట రాలేదు. నా దగ్గర కూర్చుని ఏడ్చింది. గురువారం మార్కాపురం పోవాల. బిడ్డ కోసం ప్రార్థన చేయండి" అన్నాను. అందరూ కన్నీళ్లతో ప్రార్థించారు. తృప్తిగా ఇంటికి వెళ్లాను. పేరు, ఊరు, తండ్రి పేరు అన్నీ చెప్పాను. దేవునికి విలాసం చెప్పాల్సిన పని లేదని ఆ రోజు నాకు తోచలేదు.

సోమవారం రంగలక్ష్మి క్లాసుకు రాలేదు. మంగళవారం మెసేజ్ వచ్చింది. "గురువారం నేను పోను మేడం. ఇంక ఉద్యోగం మాటే వద్దు. ఫోన్ చేయొద్దండి."

సాయంత్రం వాళ్ల ఊరికి బయలుదేరాను. దొరికిన ఆటో మా సంఘస్థుడు యేసురత్నానిది. నన్ను చూడగానే అతని ముఖం వెలిగింది.

"అక్కా, ఆదివారం ప్రార్థన చేసినాము గదా, ఆ ఓబులేసన్న అదే సాయంత్రం నా ఆటోలోనే ఎక్కినాడు. నేనే ధైర్యం చెప్పినా."

"ఏమని చెప్పినావు రత్నం?"

"ఏముందక్కా. నీ కూతురు మూడు ఇంటర్వ్యూలు పోగొట్టుకుని ఒకటే ఏడుపంట గదన్నా, దిగులు పడొద్దు, మేమంతా మోకాళ్ల మీద ఉండాము అని చెప్పినా."

"ఆటోలో ఇంకెవరన్నా ఉన్నారా?"

"నిండా ఉన్నారక్కా! వాళ్లూరోళ్లే, పదిమంది."

ఇంటర్వ్యూలు బాగానే జరుగుతున్నాయని ఆ పిల్ల ఇంట్లో చెప్పిందని నాకు తెలుసు. తండ్రి బాధపడతాడని దాచింది.

ఇంటి ముందు దొడ్డిలో ఓబులేసు గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపుతున్నాడు. రంగలక్ష్మి గొర్రె దవడ పట్టుకుని ఉంది. నన్ను చూసి కూడా తల ఎత్తలేదు.

"రామ్మా, కూర్చో" అన్నాడు ఓబులేసు, మంచం చూపిస్తూ. మందు తాపడం ఆపలేదు.

"అన్నా, నాది తప్పైంది" అన్నాను.

"మీ దేవుడితో చెప్పినందుకు నాకేం బాధ లేదమ్మా. ఆయన వింటే ఎవురికీ చెప్పడు గదా. మైకులో చెప్పినారంట. అదే." సీసా కింద పెట్టి, భుజం మీది తువ్వాల తీసి చేతులు తుడుచుకున్నాడు. "సంతలో గొర్రె ధర గూడ ఈ తువ్వాల కిందనే చెప్పుకుంటామమ్మా. చెయ్యి చెయ్యి పట్టుకుని, వేళ్లతోనే. పక్కనున్నోడికి గూడ తెలీదు. మూగజీవం ధరకే అంత మరుగుంటే, ఆడపిల్ల ఏడ్చిన సంగతికి ఉండొద్దా?"

గదిలోకి పోయి తలుపు వేసుకుని ప్రార్థించమన్న ప్రభువు మాటను చిన్నప్పుడే కంఠతా పట్టినదాన్ని. దాని అర్థం ఆ గొర్రెల దొడ్డిలో వినాల్సి వచ్చింది.

అప్పుడు రంగలక్ష్మి లేచింది. ఇంటర్వ్యూల్లో నోరు విప్పని పిల్ల గడగడా మాట్లాడింది.

"రెజ్యూమేలో రెఫరెన్స్ కింద ఎవురి పేరన్నా పెట్టాలంటే ముందు ఆ మనిషిని అడగాలని చెప్పినారు గదా మేడం. మీరే బోర్డు మీద రాసినారు. మరి నా పేరు చెప్పేముందు నన్ను అడిగినారా?"

రెఫరెన్స్ అంటే మన గురించి సాక్ష్యం చెప్పే మనిషి. ఆ నియమం తొమ్మిదేళ్లుగా నేనే చెబుతున్నాను.

"అడగలేదు తల్లీ. నన్ను క్షమించు" అన్నాను. చేతులు జోడించబోతే ఆమె గబుక్కున పట్టుకుంది. మందు వాసన వేస్తున్న ఆ చేతులు పట్టుకునే ఇద్దరం కాసేపు ఏడ్చాం.

ఓబులేసు కూతురి వైపు తిరిగాడు. "మూడు తూర్లు పోయి వచ్చినావు. నాకెందుకు చెప్పలా పాపా?"

"నువ్వు బాధ పడతావని నాయనా."

"నేను సంత నుంచి ఎన్నిసార్లు అమ్మకుండా తోలుకొచ్చినానో నీకు తెలుసా?"

"తెలీదు. నువ్వెప్పుడూ చెప్పలా."

"ఊఁ. మరి నేనెందుకు చెప్పలా?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. "గురువారం నేనూ వస్తా పద. బయట టీ అంగడి కాడ ఉంటా. మాట రాకపోతే రాకపోయె, మార్కాపురం చూసినట్లుంటాది."

రంగలక్ష్మి గొర్రె వీపు నిమిరింది. "ఆ సారుకు నా గురించి ముందే ఫోన్ చేస్తారా మేడం?" అంది.

"చేయమంటే చేస్తాను. ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు."

ఆలోచించి ఒక్కో మాటా చెప్పింది. "మొదట్లో తడబడుతుంది, రెండు నిమిషాలు ఓర్చుకోండి, కాగితాలు మాత్రం బాగా చూస్తుంది, అని చెప్పండి. ఏడ్చిన సంగతి వద్దు." ఆ మాటలనే, ఒక్కటి కూడా కలపకుండా, బుధవారం మేనేజర్‌కు చెప్పాను.

గురువారం నేను వెళ్లలేదు. నా గదిలో తలుపు వేసుకుని మోకరించాను. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"మేడం, మొదట అస్సలు మాట రాలా. సారు ఏమీ అనలా, మంచినీళ్లిచ్చి ఊరికే కూర్చున్నాడు. తర్వాత ఒక పాత షిప్‌మెంట్ ఫైలు ఇచ్చి చూడమన్నాడు. ఒక కాగితంలో రాయి రంగు ఒకటి రాసినారు, ఇంకోదాంట్లో వేరే రాసినారు. ఇట్లుంటే అవతలి దేశంలో సరుకు ఆపరా సార్ అని అడిగినా. అంతే మేడం, పావుగంటన్నది గంటయింది!"

షిప్‌మెంట్ ఫైలంటే ఓడలో పోయే సరుకు వెంట పంపే కాగితాల కట్ట. అందులో ఏ రెండు కాగితాలూ ఒకదానికొకటి తేడాగా ఉండకూడదు.

ఉద్యోగం ఆ రోజు రాలేదు, ఖాళీ లేదు. ఇంటికి చేరగానే ఆమె ఆయనకు కృతజ్ఞతగా మెసేజ్ పెట్టింది. నెల తర్వాత ఒక సందేహం అడుగుతూ మళ్లీ వెళ్లింది. వర్షాలు మొదలయ్యాక ఆయనే పిలిచి ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూసే పనిలో పెట్టుకున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

కిందటేడు మా జూనియర్లతో మాట్లాడమంటే వచ్చింది. మొదటి రెండు నిమిషాలు తడబడింది. పిల్లలు ఓర్చుకున్నారు. "ఎవురి దగ్గరికైనా ఉద్యోగం ఇవ్వమని పోవద్దు. ఆయన పనిలో కష్టం ఏందో అడగండి. మీకు చేతకానిది దాచొద్దు, చేతనైన దాని పక్కన పెట్టి చెప్పండి. మీ గురించి వేరేవాళ్లు చెప్పేటప్పుడు ఏం చెప్పాలో మీరే చెప్పండి. ఆ, ఇంకొకటి. పోగొట్టుకున్నప్పుడు ఇంట్లో చెప్పండి. వాళ్లు గూడ పోగొట్టుకుని వచ్చినోళ్లే" అంది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదే: ఒకరి అక్కర మన చేతికి వచ్చినా అది మనది కాదు. దాన్ని ఎవరితో చెప్పాలో, ఎంత చెప్పాలో ఆ మనిషే నిర్ణయించాలి. ప్రేమతో చెప్పినా సరే, ప్రార్థన కోసం చెప్పినా సరే. ఇప్పుడు ఏ కంపెనీకి ఫోన్ చేయాలన్నా ముందు ఆ విద్యార్థిని అడుగుతాను. సంఘంలో మనవి చెప్పేటప్పుడూ అంతే. యేసురత్నం కూడా ఆటోలో పాటలు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

ఈ ఏడు కూడా నా దగ్గర ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న పిల్లలున్నారు. ఇద్దరు ఇంట్లో ఇంకా నిజం చెప్పలేదు. ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి వాళ్ల కోసం ప్రార్థించండి. వాళ్ల పేర్లు మీకు చెప్పను. ఆయనకు తెలుసు.