తాళం బరువు

మా సారు పోయారు. సోమవారం పొద్దున మెట్‌పల్లిలోని మా దవాఖానలోనే, డాక్టర్‌కు చూపించుకునే ఓపీ చీటీ కోసం లైన్‌లో నిలబడి కూలబడ్డారు. కరీంనగర్ తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఇక్కడ కంప్యూటర్ల పని నాకు నేర్పింది ఆయనే. రిటైరయ్యాక కూడా మాకందరికీ సారే.

ఒకప్పుడు గల్ఫ్ నుంచి వచ్చిన ఒకతని జబ్బు సంగతి, సంబంధం లేనివాళ్లెవరో మా కంప్యూటర్‌లో చూసి ఊరంతా చాటారు. అతను మందులకు రావడమే మానేశాడు. ఆ కోపంతోనే సారు డేటాబేస్‌కు తాళాలు వేశారు. రోగుల వివరాలు బయటివాళ్లకు అర్థం కాకుండా దాచడం ఒకటి, ఎవరు ఏది చూశారో ప్రతిసారీ నమోదు చేయడం ఇంకొకటి. దాంతో కంప్యూటర్‌కు పని పెరిగి చీటీ రావడం ఆలస్యమైంది. ఎంత ఆలస్యమో కూడా ఆయనే కొలిచారు.

మేమైతే ఆదివారం, ఎవరూ లేనప్పుడు కొలిచి, ఆలస్యమే లేదని చంకలు గుద్దుకునేవాళ్లం. "ఖాళీ బండి తోలి ఎడ్ల బలం చెప్తరా? సోమారం రష్‌ల కొలువుండ్రి" అని కసిరేవారు. తాళాలన్నీ ఒకేసారి వేయనిచ్చేవారు కాదు. "ఒక్కొక్కటి ఏసి చూడుండ్రి. లేకుంటే ఏది బరువో ఎట్ల ఎరుకైతది?" ఆయన కొలిచే చేతి గడియారం ఎప్పుడూ ముందు నడిచేది. మేం నవ్వితే, "తప్పు గడియారమైనా ఫికర్ లే, తాళం ఏయకముందు, ఏసినంక రెండుసార్లూ గదే ఉండాలె" అనేవారు.

ఆయన పోయిన ఆ సోమవారం, ఆయన్ని లైన్‌లో చూసి బయటికి వచ్చాను.

"సారూ, ముందుకు రాండ్రి, చీటీ నేనిస్త."

"వద్దు బిడ్డా. నేనేసిన తాళమే గదా, జర నేను గూడ మోస్త."

ఛాతీ నొప్పి సంగతి చెప్పనే లేదు. మొండి మనిషి. నాకిప్పటికీ కోపమే.

దినాల నాడు సారు భార్య నన్ను పక్కకు పిలిచింది. "గా తాళాలు లేకుంటే లైను జల్ది కదులుతుండెనా బిడ్డా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "కదులుతుండె అమ్మా."

"మరి తీసేసిండ్రా?"

"తీయలే."

ఆమె లోపలికి పోయింది.

తీసేయమని మేనేజర్ పోరుతూనే ఉన్నాడు. నా చేతులు రావడం లేదు. ఈ సోమవారం కూడా చీటీలు ఆగి ఆగి వస్తున్నాయి. కిటికీ అవతల ఒక ముసలాయన గోడకు ఆనుకుని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. కుర్చీ తన్నుకుని ఉరికాను. ఆయన జేబులో కళ్లద్దాలు వెతుక్కుంటున్నాడంతే.