జెండా మైసమ్మకు పులిహోర

పులిహోర గిన్నెతో సహా అత్తగారిని తుపాకుల ముందు నిలబెట్టిన అల్లుణ్ణి నేను. కావాలని చేయలేదు. ఆ కోరిక కొందరు అల్లుళ్లకు ఉంటుందేమో, నాకైతే లేదు. ఆవిడంటే నాకు గౌరవం, అంతకు మించి భయం. అయినా ఆ ఘనకార్యం నా చేతుల మీదుగానే జరిగింది. మీరు హాయిగా నవ్వుకోండి. నేను మాత్రం ఇప్పటికీ పక్కింటివాళ్లు తలుపు ధడాలున వేస్తే చటుక్కున మంచం కింద దాక్కోవడానికి చోటు చూస్తాను.

తొంభైల చివరి మాట. భీమవరం నుంచి ఉద్యోగానికి వచ్చి, పట్నం శివారు మచ్చ బొల్లారంలో ఒక కొత్త కాలనీలో కాపురం పెట్టాను. కాలనీలో నాటిన చెట్లు ఇంకా మోకాలెత్తు కూడా రాలేదు. అలాంటి చోటికి కార్తీకమాసంలో మా అత్తగారు వచ్చారు. సంచీ కింద పెట్టకముందే అడిగారు.

"అల్లుడుగారూ, ఇక్కడ ఉసిరిచెట్టు ఎక్కడుంది?"

ఉసిరి కింద వనభోజనం చేయనిదే ఆవిడకు కార్తీకం గడిచినట్టు కాదు.

"ఆదివారం అందరూ శామీర్‌పేట చెరువు దగ్గరికి వెళ్తారుగా, మనమూ పోదాం" అంది మా ఆవిడ సరళ.

"అక్కడ వనం తక్కువ, జనం ఎక్కువ. ఒకడు కొట్టిన బంతి ఇంకొకడి విస్తట్లో పడుతుంది. నాకు వదిలెయ్" అన్నాను.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. స్కూటరేసుకుని శామీర్‌పేట దాటి గుట్టల వెనక తిరిగాను. ఒకచోట ముళ్లకంచె, కంచెకు మనిషి పట్టేంత కంత, లోపల విశాలమైన మైదానం, అందులో కాయలతో వంగిపోయిన ఒకే ఒక్క ఉసిరిచెట్టు! కనుచూపు మేరలో నరమానవుడు లేడు. ఎందుకు లేడో ఆలోచించే బుద్ధి దేవుడు నాకివ్వలేదు.

"కంచె వేశారంటే ఎవరిదో అయ్యుంటుందండీ" అంది సరళ.

"సర్కారు భూమి. సర్కారంటే ఎవరు? మనం. మన భూమిలో మనం అన్నం తినడానికి ఎవర్ని అడగాలి?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడక్కుండానే సర్కారు వడ్డిస్తుందనుకున్నాను నేను.

జనం ఉండరని గురువారం సెలవు పెట్టి, ముగ్గురం గిన్నెలతో ఆటోలో వెళ్లాం. కంచె దూరేటప్పుడు అత్తగారి చీర ముళ్లకు చిక్కుకుంది. "వద్దంటోంది" అన్నారావిడ. ఆ ముళ్లకున్న జ్ఞానం నాకు లేకపోయింది. లోపలికి వెళ్లి చూస్తే, చెట్టుకు కూతవేటు దూరంలో కర్రకు కట్టి ఒక ఎర్రజెండా ఎగురుతోంది. నేను చూడ్డానికి వచ్చిన రోజు అది లేదు.

"అదేమిటి అల్లుడుగారూ?"

తెలియదంటే నా పరువేం కావాలి? "ఇటువైపు గ్రామదేవతలకు జెండా కడతారు అత్తయ్యగారూ. గండిమైసమ్మ లేదూ? అలాగే ఈవిడ" అన్నాను.

"ఈవిడ పేరు?"

"జెండా మైసమ్మ."

అత్తగారు చెప్పులు విడిచి, అక్కణ్ణుంచే దండం పెట్టి లెంపలేసుకున్నారు.

విస్తళ్లు వేశాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే గుట్ట అవతల టపటపమంది.

"దీపావళి టపాకాయలు ఇంకా మిగిల్చుకున్నారు పిల్లలు" అన్నారు అత్తగారు.

"పొదుపరులు" అన్నాను నేను.

మళ్లీ టపటప. ఏదో గుయ్యిమంటూ తల మీదుగా పోయింది. కొమ్మ ఒకటి ఫట్‌మని విరిగి చారు గిన్నెలో పడింది. ఏ టపాకాయ కొమ్మలు విరుస్తుందా అని నేను ఆలోచిస్తుండగా, దగ్గరలోని గుంతలోంచి గడ్డపు మనిషి ఒకాయన తల పైకెత్తాడు. పక్కన రెండు మేకలు.

"ఓ సాబ్! పండుండ్రి! జల్దీ గీ గుంతలకు రాండ్రి!"

"తిన్నాక పడుకుంటాం బాబూ" అన్నారు అత్తగారు.

"ఏంది తినేది! మిలిటరోళ్లు తుపాకులతోని నిషానా గొడుతున్నరు! ఎర్రజెండా ఎగిరిందంటే గీ జాగల అడుగు వెట్టద్దు!"

ముగ్గురం గుంతలో ఎలా పడ్డామో తెలియదు. ఆయన పేరు ఖాజా అట, పక్క ఊరట.

"మరి నువ్వెందుకు వచ్చావయ్యా?" అంది సరళ.

"మేకకు జెండా ఏం తెల్సు బేటీ? అది ఉరికింది, దాని ఎంబడి నేనురికిన." తర్వాత నావైపు తిరిగి, "సాబ్, నోట్ల పండ్లు గట్ల టకటక కొట్టకుండ్రి, మేకలు బెదురుతున్నయి" అన్నాడు.

ఒళ్లంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాను. నన్ను చూసి అత్తగారు ఒక నిర్ణయానికి వచ్చారు.

"నైవేద్యం పెట్టకుండా ముద్ద నోట్లో పెట్టుకున్నాం. అమ్మవారికి కోపం వచ్చింది" అంటూ గుంతలోంచి పైకెక్కి, పులిహోర గిన్నె అందుకుని, నిటారుగా జెండా వైపు నడక సాగించారు.

"అమ్మా!" అని కేక పెట్టి సరళ నా భుజం పట్టుకుంది. "ఏమండీ, మా అమ్మ!"

ఆ గొంతు విన్నాక గుంతలో ఉండడం కుదరదు. మోచేతుల మీద పాకుతూ వెంటపడ్డాను. ముందు మట్టి ఎగిరింది. పక్కన మట్టి ఎగిరింది. ఆవిడకేమైనా అయితే సరళ మొహం ఎలా చూడను?

"అత్తయ్యగారూ! అమ్మవారు లేదు, ఏమీ లేదు! నేనే కల్పించాను!"

"ప్రాణం మీదకొస్తే దేవతనే కాదంటారా? లెంపలేసుకోండి!"

నమ్మండి, పాకుతూనే లెంపలేసుకున్నాను.

ఆవిడ జెండా దగ్గర నిలబడి గిన్నె పైకెత్తారు. అంతే. తుపాకులు ఆగిపోయాయి.

"చూశారా?" అన్నారు అత్తగారు.

ఈలలు వేసుకుంటూ జవాన్లు పరుగెత్తుకొచ్చారు. దూరం నుంచి జెండా పక్కన చీర కనబడి ఆపేశారట. ముందొచ్చిన కుర్ర జవాను మొహం నాకంటే తెల్లబోయి ఉంది. "మాతాజీ, ఆప్ యహాఁ?" అంటుంటే ఆవిడ అతని చేతిలో పులిహోర పెట్టారు. అతను అయోమయంగా కళ్లకద్దుకుని తిన్నాడు. అతని పైఅధికారి నాకు విడిగా వడ్డించినవి ఇక్కడ రాయను. నాకు హిందీ అంతంతమాత్రమే, అయినా అన్నీ అర్థమయ్యాయి.

తిరుగు ఆటోలో అడిగాను. "మీకు భయం వేయలేదా అత్తయ్యగారూ?"

"ఎందుకు వేయదు నాయనా? కానీ గుంతలో మీరు వణకడం చూశాను. మీకేమైనా అయితే నా పిల్ల గతేమిటి? అల్లుణ్ణి ఇంటికి చేర్చు తల్లీ, ఏటా మా అప్పచెల్లెళ్లందరినీ తెచ్చి పులిహోర పెడతానని మొక్కుకున్నాను."

నాకు కళ్లు చెమర్చాయి. మరుక్షణం గుర్తొచ్చింది, ఆవిడకు అప్పచెల్లెళ్లు ఆరుగురు.

అన్న మాట ప్రకారం మరుసటి కార్తీకానికి ఏడుగురూ ఏడు గిన్నెలతో మా గుమ్మం ముందు దిగారు.

"పదండి అల్లుడుగారూ, జెండా మైసమ్మ దగ్గరికి!"

"అమ్మవారికి బదిలీ అయింది అత్తయ్యగారూ" అన్నాను, ఉద్యోగస్తుణ్ణి కదా, నోటికి అదే వచ్చింది.

అదే నా ఆఖరి అబద్ధం. ఇకపై కంచె కనబడితే ఇవతలే ఆగుతానని, జెండా కనబడితే ఎవరిదని అడుగుతానని, ప్రాణం పోయినా ఏ దేవతకూ పేరు పెట్టనని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆ బదిలీ కూడా అబద్ధమేనని మాత్రం ఆ ఏడుగురికీ ఎవరూ చెప్పకండి.