నల్లపొగ ఎవరిది?

పోయిన నెల మా తమ్ముడి ఫోనుకు కార్ల కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. పర్యావరణం మీద ప్రేమకొద్దీ, వినియోగదారుల మీద గౌరవంకొద్దీ, వాడి మోడల్ కార్లన్నిటినీ స్వచ్ఛందంగా వెనక్కి పిలిపించి, పొగ వడగట్టే ఫిల్టరును ఉచితంగా మారుస్తారట. స్వచ్ఛందంగా! చేతిలో గరిటె పక్కన పెట్టి మరీ నవ్వాను. వీళ్ళ స్వచ్ఛందం సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మాది చిత్తూరు. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. తమ్ముడు టాక్సీ నడుపుతాడు. తిరుపతిలో యాత్రికులను ఎక్కించుకుని తిరుచానూరు, కాణిపాకం చూపించి మళ్ళీ దింపడం వాడి పని. కొత్త డీజిల్ కారు కొన్న రెండో ఏడే వెనకనుంచి నల్లపొగ మొదలైంది. వెనక వచ్చే స్కూటర్లవాళ్ళు మా వంశాన్నంతా తలుచుకునేవాళ్ళు. పెట్రోలు బంకు పక్కన పొల్యూషన్ సర్టిఫికెట్లు ఇచ్చే ఒకాయన ఉన్నాడు. నంబరు ప్లేటు ఫొటో తీసుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే దయామయుడు. ఆయన కూడా దగ్గి దగ్గి, "దీనికి నేనియ్యలేనబ్బా" అన్నాడు.

సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే బండిని ఒక పూట ఉంచుకుని ఒక కాగితం ఇచ్చారు. బండిలో లోపం లేదట. డ్రైవరే డీజిల్లో కిరసనాయిలు కలుపుతున్నాడట. రేషన్ షాపులో కిరసనాయిలు చూసి ఎన్నేళ్ళయిందో! దీపంలోకి దొరకనిది వీడికి ట్యాంకులోకి దొరికిందన్నమాట. నేనైతే ఆ కాగితాన్ని అక్కడే చింపి వాళ్ళ బల్ల మీద పోసేదాన్ని. మా తమ్ముడు పిచ్చి మాలోకం, దాన్ని జాగ్రత్తగా తెచ్చి టీవీ పక్కన పెట్టాడు. నాయన కంటపడింది.

నాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన బస్సులో నుంచి చుక్క డీజిల్ పక్కకు పోలేదని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. డీజిల్ దొంగిలించేవాడు, కల్తీ చేసేవాడు ఆయన లెక్కలో మనుషులే కారు. పైగా అచ్చులో ఉన్నది అబద్ధం కాదని నమ్మే రకం.

"కలిపినావా రా?"

"లేదు నాయనా."

"మరి అంత పెద్ద కంపెనీవోళ్ళు ఊరికే రాస్తారా?"

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు తిరుపతి కంటి ఆసుపత్రికి పోవాల్సి ఉంటే, తమ్ముడు కారు తీసి వాకిట్లో నిలబెట్టినా, నాయన దాని పక్కగా నడిచిపోయి బస్సెక్కాడు. ఆ కారు కొన్న రోజు నుంచి ముందు సీటు ఆయనదే. పక్కన కూర్చుని "గేరు మార్చు, గేరు మార్చు" అని ప్రాణం తీసేవాడు. ఇప్పుడది ఖాళీ. "బండి పోతే కూలికి ఇంకోటి నడుపుకుంటానక్కా. నాయన నన్ను కల్తీగాడు అనుకుంటా ఉండాడే" అని తమ్ముడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కోపమొస్తే నేను గిన్నెలు పగలగొట్టను, రూల్సు చదువుతాను. చదివితే తెలిసింది, ఒకే లోపం చాలా బండ్లలో కనబడితే కంపెనీయే ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పుకోవాలట. చెప్పి, బండ్లను వెనక్కి పిలిచి బాగుచేయాలట. కోళ్ళ దొంగే స్టేషన్‌కు పోయి ఈకలు అప్పజెప్పాలన్నమాట. ఎంత చక్కటి చట్టం! బండి గలవాళ్ళు కూడా వెబ్‌సైట్లో ఫిర్యాదు చేయొచ్చంటే చేశాను. కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. కంపెనీని అడిగారట, అలాంటి లోపమేదీ లేదని కంపెనీ చెప్పిందట.

ఇక ఊరుకుంటానా? టాక్సీ స్టాండుకు పోయాను. అదే మోడల్ కార్లు వరసగా ఉన్నాయి, అన్నిటి వెనకా అదే మసి. సర్వీస్ సెంటర్‌లో అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి పంపారు. ఒకరిదాంట్లో తప్పు ఘాట్ రోడ్డుది, ఇంకొకరిదాంట్లో వాననీళ్ళది, మరొకరిదాంట్లో క్లచ్ మీద కాలు తీయని అలవాటుది. మీరూ ఫిర్యాదు రాయండప్పా అంటే ఒక పెద్దాయన చేతులు జోడించాడు.

"నిండా మంచిమాట చెప్పినావు మ్మే. నా బండి చెడ్డదని నేనే రాసిస్తే రేపు దాన్ని ఎవుడు కొంటాడు?"

"నిమ్మకాయలు తొక్కించి పూజ చేసిన బండిని మనమే తిట్టకూడదక్కా" అన్నాడు ఇంకొకడు. అలా, ప్రభుత్వం దృష్టిలో మా జిల్లాలో లోపమున్న బండి ఒక్కటీ లేదు. లోపమున్న డ్రైవర్లే ఉన్నారు.

చివరికి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని సర్వీస్ మేనేజరు దగ్గరికే పోయాను. ఆయనది పూతలపట్టు పక్కన పల్లెటూరే, కానీ కుర్చీలో కూర్చుంటే భాష మారిపోతుంది. "చూడండి మేడం, వెహికిల్ పర్ఫెక్ట్. కావాలంటే రాసిస్తాను, ఏ ఆఫీసుకైనా పంపుకోండి" అన్నాడు. అన్నట్టే రాసి, సంతకం చేసి, సీలు గుద్దాడు.

అప్పటిదాకా నోరెత్తని తమ్ముడు మెల్లగా అడిగాడు. "సార్, సోమవారం కాణిపాకం వస్తారా? నేను కిరసనాయిలు కలపలేదని ప్రమాణం చేస్తా. బండిలో లోపం లేదని మీరు చెయ్యండి."

మా వైపు ఎంతటి తగవైనా ఈ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతులు తగ్గుతాయి. కోనేట్లో మునిగి, తడిబట్టలతో ఆ వినాయకుడి ముందు నిలబడి అబద్ధమాడే ధైర్యం ఎవరికీ లేదు. మేనేజరు ముఖంలో రంగు మారింది. భాష కూడా పల్లెకొచ్చేసింది.

"ఇంత సిన్నదానికి దేవుడి దాకా ఎందుకప్పా?"

"గవర్నమెంటుకు ఇప్పుడే కదా రాసిచ్చినారు?" అన్నాను నేను.

"అది వేరేమ్మా, ఇది వేరే."

పక్క బల్లల వాళ్ళంతా చూస్తున్నారు. పరువు పోతుందని "సరే, వస్తా" అన్నాడు.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. "నేనూ వస్తా. బస్సులో" అన్నాడు.

సోమవారం పొద్దున్నే తమ్ముడు కోనేట్లో మునిగి తడిబట్టలతో నిలబడ్డాడు. నాయన బస్సు దిగి వచ్చి, మాకు దూరంగా మండపంలో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఎండెక్కింది. ప్రమాణాలు చేయించే అయ్యగారు రెండుసార్లు వచ్చి "అవతలి మనిషి యాడమ్మా?" అని అడిగిపోయాడు. తమ్ముడి ఒంటి మీదే బట్టలు ఆరిపోయాయి. వాడు మళ్ళీ పోయి మునిగొచ్చాడు.

అప్పుడు నా ఫోను మోగింది. మేనేజరు. నాయన దగ్గరికి పోయి స్పీకరు పెట్టాను.

"మా ఇంట్లో ఒప్పుకోవడం లేదమ్మా. పిల్లలు గలోణ్ణి. బండి తెండి, ఫిల్టరు మార్చేస్తాం, ఫ్రీగానే. పైకి మాత్రం ఏమీ రాయలేను, నా ఉద్యోగం పోతాది."

ఈ కబురు పొక్కాక స్టాండులోవాళ్ళందరూ వంతులవారీగా పోయి "సార్, కాణిపాకం వస్తారా?" అని అడిగి ఫిల్టర్లు మార్పించుకున్నారు. చట్టం చేయలేని పని వినాయకుడు చేసిపెట్టాడు, అది కూడా ఏ వెబ్‌సైటూ లేకుండా. కానీ ఆ పూట నాకు ఫిల్టరు ధ్యాస లేదు. నాయన ముఖమే చూస్తున్నాను. ఆయన ఫోను వంక చూసి, తల దించుకుని, కాళ్ళ దగ్గర నేలనే చూస్తూ ఉండిపోయాడు.

తమ్ముడు గుడి లోపలికి అడుగేశాడు. నాయన గబుక్కున లేచి వెళ్ళి వాడి జబ్బ పట్టుకున్నాడు.

"యాడికి రా?"

"ప్రమాణం చేసొస్తా నాయనా."

"అవతల మనిషే రాలేదు కదరా. ఇంకెవురికి చేస్తావు?"

"నీకు."

నాయన భుజం మీది తువ్వాలు తీసి వాడి తల తుడిచాడు. చెవుల వెనక కూడా తుడిచాడు. నాకు ఏడుపు ఆగలేదు. "గమ్మునుండు మే, గుళ్ళో ఏందది" అని నన్నే కసిరాడు. తర్వాత వాణ్ణి బయటికి నడిపించుకుంటూ వచ్చి, "బండి తాళం తియ్" అన్నాడు.

ముందు తలుపు తీసుకుని తన సీట్లో కూర్చున్నాడు. నేను వెనక కూర్చున్నాను. తమ్ముడు బండి స్టార్ట్ చేయగానే ఎప్పటిలాగే నల్లపొగ గుప్పుమని లేచి పూలంగళ్ళ మీద పడింది. పూలమ్మే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఎవుడ్రా వాడు, ఏం పోస్తాడో బండిలో!" అని శాపనార్థాలు మొదలుపెట్టింది.

నాయన అద్దం దించి, తల బయటపెట్టి, వీధంతా వినబడేటట్టు అరిచాడు.

"డీజిలే మ్మే! మావోడు డీజిలే పోస్తాడు!"